ఎనిమిది గంపలకు ఒక చీర

నాకు పొగరని చిత్తూరులో ఒకప్పుడు చాలామందికి తెలుసు. నాతో పాటు పని చేసిన ఆడవాళ్ళు ఆ మాట నవ్వుతూ అనేవాళ్ళు. మా చేత పని చేయించుకున్న ఇద్దరు మగవాళ్ళు మాత్రం నవ్వకుండా అనేవాళ్ళు. ఇప్పుడు డెబ్బై దాటాక కూడా, ఆ పొగరు తగ్గించుకుని ఉంటే బాగుండేదేమో అని నాకు ఒక్కసారీ అనిపించలేదు. అందుకే దాని సంగతి రాస్తున్నాను.

యుద్ధం జరుగుతున్న రోజులవి. నీవా నదికి అవతల, ఊరు ముగిసేచోట, రేకుల కప్పుతో పెద్ద షెడ్డు ఒకటి ఉండేది. చుట్టుపక్కల పల్లెల నుంచి వేరుశనగ కాయలు బళ్ళ మీద అక్కడికి వచ్చేవి. ఒక మూల మిషను వాటిని ఒలిచేది. ఒలిచిన గింజలను తెచ్చి మా ముందు కుప్పలు పోసేవాళ్ళు. వాటిలోంచి రాళ్ళు, పుచ్చులు, తాలు గింజలు, పగిలిన బద్దలు ఏరి పారేసి, మంచి గింజలను గంపకెత్తడం మా పని. నలభై మంది ఆడవాళ్ళం నాలుగు వరసల్లో కూర్చునేవాళ్ళం. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం సంగటి తినడానికి లేచేది, మళ్ళీ సాయంత్రం లేచేది. మనిషికి రోజుకు ఆరు గంపలు. ఆరు గంపలయితే కూలి. అయిదయితే తిట్లు, కూలిలో కోత.

మాది క్రైస్తవ కుటుంబం. నాయన బండి తోలేవాడు. నేను పాదిరిగారి బడిలో అయిదో తరగతి పూర్తి చేసిన ఏడాదే విషజ్వరం వచ్చి పోయాడు. అమ్మ షెడ్డులో చేరింది. ఏడెనిమిదేళ్ళ తర్వాత నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ నలభై మందిలో చదవను రాయను వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి షెడ్డులో ఎవరికీ పట్టలేదు, నాక్కూడా. గింజలు ఏరడానికి అక్షరాలెందుకు.

చేరిన మొదటిరోజు నా ప్రతాపం చూపించాలని గబగబా ఏరుతున్నాను. నా వెనక వరసలో ఒక అవ్వ కూర్చునేది. షెడ్డు కట్టిన నాటి నుంచీ ఉన్న మనిషి. ఆమె నా వీపు మీద వేలితో పొడిచింది.

"ఏం మే, యాడికి తరుముతాండావు?"

"ఎంత తొందరగా అయితే అంత మంచిది గదా అవ్వా."

"ఎవురికి మంచిది? నేను వచ్చిన కొత్తలో అయిదు గంపలే. ఒగ పండగ ముందర, ఆరు చేసినోల్లకి బెల్లం ఇస్తామనిరి. చేసినాం. బెల్లం ఒగే తూరి ఇచ్చినారు. ఆరు గంపలు మాత్రం ఈ పొద్దుటిదాకా ఇస్తానే ఉండాం. నెమ్మదిగా ఏరు."

నెమ్మదిగా ఏరడం నేర్చుకున్నాను. అది సోమరితనం కాదు. మమ్మల్ని మేం కాపాడుకోవడానికి మాకు తెలిసిన ఒకే ఒక దారి.

షెడ్డు యజమానిని మేం ముదలాళి అనేవాళ్ళం. అరవ మాట, మా పక్క అందరూ వాడేదే. ఆయన ఊళ్ళో ఉండేవాడు, నెలకొకసారి కూడా షెడ్డుకు వచ్చేవాడు కాదు. ఆయన చెప్పేదేదైనా మేస్త్రి నోటి వెంట మాకు వచ్చేది. ఆ మేస్త్రి పొట్టి మనిషి. గొంతు మాత్రం మిషను చప్పుడును మించి వినిపించేది.

ఒకరోజు పొద్దున ఆ మేస్త్రి మూట మీదికెక్కి నిలబడ్డాడు. పట్టాళానికి సరుకు పంపే పని ముదలాళికి దొరికిందని చెప్పాడు. పట్టాళమంటే సైన్యం.

"ఇంక మీదట మనిసికి ఎనిమిది గంపలు. సెయ్యలేనోల్లు ఇంటికాడ ఉండిపోండి. ఈ పని కావాలని గేటు బయట వంద మంది ఉండారు."

అంతే. మూట దిగి వెళ్ళిపోయాడు.

ఆ నెల ఎట్లా గడిచిందో తలచుకుంటే ఇప్పటికీ నా వేళ్ళు బిగుసుకుంటాయి. చేతులు పరుగెత్తాయి గాని కళ్ళు వాటితో పరుగెత్తలేకపోయాయి. అమ్మకు అప్పటికే చూపు మందగించింది. ఎర్రరాయికీ ఎర్రగింజకూ తేడా తెలియక రెండూ గంపలో వేసేసేది. సాయంత్రం గంప కొలిచేటప్పుడు మేస్త్రి పైపైనే చూస్తాడని అందరికీ తెలుసు. అందుకని అడుగున ఏరని గింజలు పోసి, పైన నాలుగు దోసిళ్ళు శుభ్రమైనవి పరిచేవాళ్ళం. నేనూ చేశాను. ఆదివారం ప్రార్థనలో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఈ ఒక్కటీ చెప్పలేదు. పాపమని అనిపించలేదు మరి. ఇంటికాడ ఉండిపొమ్మన్నవాడికి మేం ఇవ్వగలిగింది ఎనిమిది గంపలే. ఇచ్చాం.

సరుకు వాపసు వచ్చింది. పట్టాళం డిపోలో మూటలు విప్పి చూశారట. ఎర్ర రంగుతో గీతలు కొట్టిన మూటలు రెండు బళ్ళ నిండా తిరిగొచ్చాయి. ఆ బళ్ళ వెనకే జట్కాలో ముదలాళి వచ్చాడు. తెల్ల పంచె, నల్లకోటు, కళ్ళద్దాలు. మా వరసల మధ్యకు వచ్చి, కోటు జేబులోంచి గుప్పెడు రాళ్ళు తీసి నేల మీద పోశాడు.

"ఇది మీరు ఏరిన సరుకేనా?"

మేం తలలు ఎత్తకుండా ఏరుతూనే ఉన్నాం.

"పట్టాళమోళ్ళు దీన్ని నా మొహాన కొట్టినారు. నేనేమన్నా మీ చేత వూరికే చేయించుకుంటానంటినా? ఎనిమిది గంపలు శుద్ధంగా ఏరినోళ్ళకు చీర ఇస్తానని చెప్పి పంపిస్తి గదా. ఈ కాలంలో చీరంటే మాటలా? అది కూడా మీకు అక్కరలేకపోయిందా?"

ఆ రోజుల్లో గుడ్డకు కంట్రోలు. కార్డు పట్టుకుని అంగడి ముందు పొద్దుటి నుంచి నిలబడినా, మన వంతు వచ్చేసరికి తలుపు మూసేవాళ్ళు. అమ్మకూ నాకూ కలిపి మూడు చీరలు. అందులో ఒకటి, చిరిగిన రెండు చీరల్లో బాగున్న సగాలు కలిపి కుట్టుకున్నది. షెడ్డులో చాలామంది అట్లాగే ఉన్నారు. చీర అన్న మాట వినగానే నాలుగు వరసల్లోనూ చేతులు ఆగిపోయాయి.

నేను లేచి నిలబడ్డాను. అమ్మ నా కొంగు పట్టి లాగింది. కూర్చోలేదు.

"ఏ చీర, సామీ?"

ఆయన నన్ను కాదు, మేస్త్రిని చూశాడు.

"చెప్పలేదా నువ్వు?"

"పనికొచ్చేటోల్లకి సెప్పినాను ముదలాళీ."

"ఎవరికి?"

మేస్త్రి మా వంక చూశాడు. నలభై మొహాల్లో ఒక్కటీ అతనికి తోడు రాలేదు.

"అందరికీ సెప్తే అందరూ ఆశపడతారు గదా ముదలాళీ," అన్నాడు చివరికి. "ఆడోల్లకి సీర సూపిస్తే సీర మిందే ద్యాస ఉంటాది. బయం పెడితేనే సెయ్యి ఆడతాది. ఎనిమిది గంపలు వచ్చినాయా లేదా?"

వచ్చాయి, రాళ్ళతో సహా. ముదలాళికి అది అర్థమైంది. అయినా తన మనిషిని మా ముందర తక్కువ చెయ్యడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

"సరే. ఇప్పుడు నా నోటితో విన్నారు గదా. రేపటి నుంచి శుద్ధంగా చెయ్యండి. చీర ఇస్తా."

ఆయన వెనక్కి తిరిగాడు. ఆ క్షణాన నేను కూర్చుని ఉంటే ఈ కథ అక్కడితో ముగిసిపోయేది. అవ్వ చెప్పిన బెల్లం నా తలలో మెదిలింది.

"ఎన్ని దినాలు చెయ్యాల సామీ? చీర ఏ దినం ఇస్తారు? చెయ్యలేనోళ్ళ గతేమి? చీర ఇచ్చినాక ఎనిమిది గంపలు అందరికీ కూలి లెక్కయిపోతే?"

ఆయన ఆగాడు. "ఏం చదివినావు నువ్వు?"

"అయిదు."

"అయిదుకే ఇట్లుంటే పది చదివుంటే షెడ్డు రాసిమ్మంటావు. నేను చెప్పిన మాట చాలదా నీకు?"

"మీరు చెప్పిన మాట మాకాడికి వచ్చేలోపల వేరే మాటయిపోయింది సామీ. అందుకే అడగతాండాను. అందరికీ కనపడేట్ల రాసి పెట్టండి."

"నాకే షరతులు పెడతాండావా?"

"షరతులు మీవే. వాటిని రాయమంటాండాను, అంతే."

ఆయన వెళ్ళి జట్కా ఎక్కాడు. సాయంత్రం ఇంటికి పోయే దారిలో అమ్మ, "మీ నాయన కూడా ఇట్లే మాట్లాడేవాడు," అంది. అది మెచ్చుకోవడమో, భయమో నాకు తెలియలేదు.

మరుసటిరోజు పొద్దున గేటు దగ్గర మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు పని లేదు. ఈయమ్మ పోవచ్చు."

అమ్మ గేటుకు లోపల ఒక కాలు, బయట ఒక కాలు పెట్టి నిలబడిపోయింది. నువ్వు పో అమ్మా అన్నాను. ఇద్దరి కూలీ పోతే సంగటి ఉండదు. తన సంగటి గిన్నె నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. నేను ఇంటికి పోలేదు. గేటుకు ఎదురుగా, కాయల బళ్ళు ఆపే చోట, గోడ నీడన కూర్చున్నాను. పొమ్మని మేస్త్రి రెండుసార్లు మనిషిని పంపాడు. ఇది రోడ్డు, మీ షెడ్డు కాదు అని చెప్పి పంపించాను. ఎండ తిరిగేకొద్దీ గోడ నీడతో పాటు జరిగాను. బళ్ళు తోలేవాళ్ళు నన్ను వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

లోపల జరిగింది సాయంత్రం అమ్మ చెప్పింది. ఆ రోజు ఎవరూ పాట పాడలేదట, పక్కమనిషితో మాట్లాడలేదట. తలలు వంచుకుని ఏరారు. ఒక్కొక్క గింజనూ వెలుతురుకు పట్టి చూసి మరీ గంపలో వేశారు. పొద్దు వాలేసరికి మనిషికి నాలుగు గంపలు దాటలేదు. మేస్త్రి గంప తలకిందులు చేసి చూశాడు. ఒక్క రాయి లేదు, ఒక్క బద్ద లేదు. నాలుగు గంపలేనా అని అరిచాడు.

"సుద్ధంగా ఏరమనిరి గదప్పా," అందట అవ్వ. "సుద్ధంగా ఏరితే ఇంతే అయితాది."

ఇట్లా చేద్దామని ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. నేను చెయ్యమని అడగలేదు. నలభై మంది ఆడవాళ్ళ మీద మేస్త్రి ఏ భయాన్నయితే పెట్టాడో, అది ఎప్పుడు, ఎట్లా జారిపోయిందో నాకు తెలియదు. గోడ నీడన కూర్చున్న నేను వాళ్ళకు గేటులోంచి కనిపిస్తూ ఉన్నానని మాత్రం తర్వాత తెలిసింది. మూడు రోజులు అట్లాగే గడిచాయి. కూలి కోసినా నాలుగు గంపలే. తిట్టినా నాలుగు గంపలే.

నాలుగో రోజు జట్కా వచ్చి నా ముందర ఆగింది. ముదలాళి దిగకుండానే అడిగాడు.

"నీకు రాసేదానికి వచ్చు గదా?"

"వచ్చు సామీ."

"లోపలికి రా."

షెడ్డు పెద్ద తలుపుకు తారు పూసి ఉండేది, నల్లగా బడిలో బోర్డు మాదిరి. ఆయన మిషను దగ్గర మూటలకు గుర్తులు పెట్టే సుద్దముక్క తెప్పించి నా చేతికిచ్చాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. నెల రోజులు. రోజుకు ఎనిమిది గంపలు. రాయి, పుచ్చు ఉండకూడదు. చేసిన ప్రతి మనిషికీ ఒక చీర.

"ఏ దినం ఇస్తారు సామీ?"

"నెలాఖరు శనివారం."

అదీ రాశాను. "జరమొచ్చి ఒగ దినం రాలేకపోతే? ఒగ దినం ఏడే అయితే?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "నాలుగు దినాలు వదిలేస్తా. అంతకన్నా లేదు."

"ఎనిమిది చెయ్యలేనోళ్ళకి?"

"వాళ్ళ కూలి వాళ్ళకు. ఆరు గంపలకే."

"నెల అయిపోయినాక?"

ఆయన నా మొహంలోకి చూశాడు. నేనూ చూశాను. తల వంచుకోవాలని నాకు తోచలేదు.

"అప్పుడూ ఆరే," అన్నాడు. "రాయి."

రాసి, దిగువన ఖాళీ లేకుండా గీత గీశాను. వరసల్లోంచి అవ్వ లేచి వచ్చింది.

"సదువు మే. అందరికీ వినపడేట్ల."

చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అప్పుడామె ముదలాళి వైపు తిరిగి, చేతులు జోడించి మరీ అడిగింది.

"ఆ మాటలే మీరు గూడా ఒగ తూరి సెప్పండి సామీ. మాకు సదువు రాదు. ఈ పిల్ల మా పిల్ల, అబద్దం సదవదు. అయినా మీ నోట వింటే మాకు దైర్యం."

మేస్త్రి ఏదో అనబోయాడు. ముదలాళి చెయ్యెత్తి ఆపాడు. కళ్ళద్దాలు సరిచేసుకుని, తలుపు మీది మాటలను బడిపిల్లవాడిలాగా మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాడు. మిషను ఆపేసి ఉండటం వల్ల ప్రతి మాటా రేకుల కప్పు కింద స్పష్టంగా వినిపించింది. ఆయన చదవడం ముగించాక మేమంతా వెళ్ళి కూర్చున్నాం.

ఆ మధ్యాహ్నం నేను అవ్వ చేతులను మొదటిసారి చూశాను. అంటే, రోజూ చూసినవే, కాని అవి ఏం చెయ్యగలవో మొదటిసారి చూశాను. ఇన్నేళ్ళుగా ఆమె ఆ చేతులను దాచిపెట్టుకుంది. చేటలో గింజలు పలచగా పరిచి ఒక్క కుదుపు కుదిపేది. తాలు ఒక పక్కకు, రాళ్ళు ఒక పక్కకు జరిగేవి. రెండు చేతులూ రెండు వైపుల నుంచి వచ్చి వాటిని ఊడ్చేసేవి.

"మంచిదాన్ని ఏరొద్దు మే," అని నాకు చెప్పింది. "మంచివి జాస్తి, వాటిని ఏరతా కూసుంటే పొద్దుపోతాది. సెడ్డదాన్ని మాత్రం తీసి పారెయ్. మంచివి వాటికవే ఉంటాయి."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదవ్వా?"

"ఎందుకు సెప్పాల? ఏడో గంపను వాల్లకి సూపించేదానికా?"

రెండు రోజుల్లో షెడ్డంతా ఆ పద్ధతి నేర్చుకుంది. మేమే ఇంకొకటి కూడా చేశాం. తలుపు దగ్గర వెలుతురు బాగుంటుందని చూపు తగ్గినవాళ్ళను ఆ వరసలోకి మార్చాం. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది తానని మేస్త్రి అడ్డం వచ్చాడు.

"తలుపు మింద యాడ కూసోవాలో రాయలేదే అప్పా," అంది అవ్వ. అతను తలుపు వంక చూశాడు. అతనికీ చదువు రాదు.

రోజుకు ఎనిమిది గంపలు, శుద్ధంగా. కొందరు పొద్దు ఉండగానే ముగించేవాళ్ళు. ఆ చేతులే, ఆ గింజలే, ఆ షెడ్డే. ఎనిమిది అన్న అంకె కూడా అదే. భయపెట్టి చెప్పినప్పుడు రాళ్ళు వచ్చాయి, విప్పి చెప్పినప్పుడు గింజలు వచ్చాయి. చీర ఆశ లేదని అనను, ఉంది. కాని ఆశ ఒక్కటే అంత పని చేయించలేదని ఇన్నేళ్ళ తర్వాత కూడా గట్టిగా చెప్పగలను. తొమ్మిదో గంప అడగరని మాకు తెలుసు. చెయ్యలేని ఆడమనిషి పొట్ట మీద కొట్టరని తెలుసు. తెలిసిన తర్వాతే మా చేతులు దాపరికం మానుకున్నాయి.

అమ్మకు ఎనిమిది కాలేదు. తలుపు దగ్గర కూర్చున్నా ఏడుతో ఆగిపోయేది. ఒకరోజు ఆమె చూడకుండా నా గింజలు రెండు దోసిళ్ళు ఆమె గంపలో పోశాను. చూసింది. పోసిన గింజలను దోసిలితో తీసి నా గంపలోకి తిరిగి పోసింది.

"నా గంపలో నీ గింజలొద్దు. నాకు సీర రాకపోతే రాకపోనీ. నా ఏడు గంపలు నావిగా ఉండనీ."

నెలాఖరు శనివారం వచ్చింది. ఎనిమిది గంపలు పూర్తి చేసినవాళ్ళం ఇరవై ఆరు మందిమి తేలాం. జట్కాలో చీరల మూట వచ్చింది. అందరి ముందర విప్పించాం. ముతక మిల్లు చీరలు, ముదురు ఎరుపు అంచు. ఎంచి చూస్తే ఇరవై.

"కంట్రోలు సంగతి మీకు తెల్దా?" అన్నాడు ముదలాళి. "దొరికినవి ఇవే. తక్కినవి వచ్చే వారం చూస్తాం."

ముదలాళి జాబితా తీసి పేర్లు పిలవసాగాడు. మొదటి పేరు అవ్వది. మేస్త్రి చీర తీసి ఇవ్వబోయాడు. అవ్వ చేతులు చాచలేదు. వచ్చి నేల మీద కూర్చుంది.

"ఇరవై ఆరూ వచ్చినాక తీసుకుంటాంలే అప్పా. నాకేం తొందర లేదు."

రెండో పేరు పిలిచాడు. ఆమె కూడా వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. మూడో పేరు నాది.

"తలుపు మీద శనివారమని ఉండాది సామీ," అన్నాను. "వచ్చే వారం అని లేదు." నేనూ కూర్చున్నాను.

చీరల మూట చుట్టూ ఇరవై ఆరు మందిమి కూర్చున్నాం. చీర రాని పద్నాలుగు మంది కూడా ఇంటికి పోకుండా మా వెనక నిలబడ్డారు, అమ్మతో సహా. మేం ముట్టుకోలేదు, అరవలేదు. ఆ కాలంలో కొత్త చీరను చేతికందేంత దూరంలో పెట్టుకుని ముట్టుకోకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ముదలాళి గడియారం తీసి చూసుకున్నాడు. షెడ్డు బయట అటూ ఇటూ తిరిగాడు. చివరికి జట్కా అతన్ని పిలిచి, చెవిలో ఏదో చెప్పి పంపించాడు.

గంట తర్వాత జట్కా ఆరు చీరలతో తిరిగి వచ్చింది. అవి మిల్లు చీరలు కావు. సన్నటి నేత, పసుపు మీద ఆకుపచ్చ అంచు. ముదలాళి ఇంట్లో ఆడవాళ్ళకని దాచి పెట్టుకున్నవని జట్కా అతను తర్వాత చెప్పాడు. జాబితాలో చివరి ఆరుగురు, తమకు రావేమోనని అప్పటిదాకా బిక్కుబిక్కుమంటున్నవాళ్ళు, ఆ మంచి చీరలు పట్టుకుని పోయారు. మా ఎర్ర అంచు చీరలు చూసుకుని మిగిలిన ఇరవై మందిమి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఆ తర్వాతి వారం ముదలాళి నన్ను షెడ్డు చివర ఉన్న తన గదికి పిలిపించాడు. కుర్చీ చూపించాడు. నేను నిలబడే ఉన్నాను.

"నిన్ను మేస్త్రికి తోడుగా పెట్టుకుందామనుకుంటాండాను. గింజలు ఏరే పని ఉండదు. కూలి జాస్తి. నెలకింతని బియ్యం కూడా ఇప్పిస్తా."

"ఏం పని సామీ?"

"పనేముండాది. ఆడోళ్ళు ఏం మాట్లాడుకుంటాండారో, ఎవరు ఎవరిని ఎగదోస్తాండారో నాకు చెప్తా ఉండాల. ఒగటి మాత్రం గుర్తు పెట్టుకో. ఈ సంగతి మనిద్దరి మధ్యనే ఉండాల."

బియ్యం అన్న మాటకు నాకు ఆశ పుట్టింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. అమ్మ చూపు, ఇంట్లో ఖాళీ కుండ, అన్నీ గుర్తొచ్చాయి. అయినా నోటికి వచ్చింది వేరే.

"దీన్ని కూడా తలుపు మీద రాయనా సామీ?"

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు.

"నీకు బతికేది తెల్దు," అన్నాడు.

గదిలోంచి నేరుగా తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, ఆయన నాతో అన్నది అన్నట్టుగా అందరికీ చెప్పాను. మేస్త్రి వింటూ ఉండగానే చెప్పాను. తర్వాత వెళ్ళి నా గంప ముందర కూర్చున్నాను.

కాయల కాలం అయిపోయి షెడ్డు మూశారు. మళ్ళీ కాయలు రావడం మొదలయ్యాక మేస్త్రి మా వీధికి వచ్చి, పనిలోకి ఎవరెవరు రావాలో పిలుచుకుంటూ పోయాడు. మా గడప ముందర నిలబడి అమ్మను రమ్మన్నాడు.

"నా కూతురో?" అంది అమ్మ.

"ఆ పిల్ల వద్దనినారు."

అమ్మ జన్మలో ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. సందులో గట్టిగా కుక్క అరిచినా పక్కకు తప్పుకునే మనిషి. చేటలో రాగులు చెరుగుతూ ఉంది. చెరగడం ఆపకుండానే అంది.

"అట్లయితే నేను గూడా రానని సెప్పప్పా. ఎందుకు రానన్నానో అది గూడా సరిగ్గా సెప్పు. మార్చి సెప్పొద్దు."

మేస్త్రి పక్క గడపకు పోయాడు.

పాదిరిగారు రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని, పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సెక్కి ఇద్దరం తిరుపతి వచ్చాం. ఒక ఆసుపత్రిలో నాకు ఆయా పని దొరికింది. అమ్మకు వంటింట్లో కూరలు తరిగే పని. మొదటి ఏడాది చాలా కష్టపడ్డాం. ఒక పూట తిని ఒక పూట నీళ్ళు తాగిన రోజులున్నాయి. ముదలాళి బియ్యం గుర్తొచ్చేది. గుర్తొచ్చినంత మాత్రాన అన్న మాట వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

యుద్ధం ముగిశాక, షెడ్డులో నా ముందు వరసలో కూర్చునే ఒకామె మా ఆసుపత్రికి కాన్పుకు వచ్చింది. మగపిల్లవాడు పుట్టాడు. బిడ్డకు స్నానం చేయిస్తూ షెడ్డు సంగతులు అడిగాను. మళ్ళీ పెద్ద సరుకు వచ్చిందట. ఈసారి పంచదార ఇస్తామని మేస్త్రి మూట ఎక్కి చెప్పాడట.

"మేం సేతులు కట్టుకుని కూసుంటిమి," అంది ఆమె. "అవ్వ అడిగింది. రాసే పిల్లను మీరే పంపించేస్తిరి, ఇప్పుడు ఎవురు రాస్తారు అని."

"ఏం చేసినారు?"

"ఏం సేస్తారు. బళ్ళో అయ్యవారిని పిలిపించినారు. ఆయప్ప రాసినాడు. ముదలాళి వచ్చి సదివినాడు, రెండు తూర్లు. అవ్వ సెవి సరిగా వినపడలేదనింది, మూడో తూరి గూడా సదివించింది."

నేను గట్టిగా నవ్వాను. వార్డులో నవ్వకూడదని నర్సమ్మ గుమ్మంలోంచి గద్దించింది. సరే అన్నాను గాని నవ్వు ఆపుకోలేకపోయాను. బిడ్డను తుడిచి, పాత గుడ్డలో చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టాను. పంచదార ఎంతిచ్చారో అప్పుడడిగాను. చెప్పినంతా ఇచ్చారంది.